సీను రాకముందే

ఎడిటింగ్ గది
మార్చి 6, సోమవారం

ఒసే పిచ్చుకా,

నీ ఉత్తరం అంది పదిరోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. మా ప్రొడ్యూసరు నా నెత్తిన ఒక పని పెట్టాడు. "మన ప్రోగ్రాం జనం ఎందుకు చూస్తున్నారో ఒక పేజీ రాసియ్యమ్మా, పైవాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు. ఆరేళ్ళ నుంచి ప్రతి శనివారం సాయంత్రం అరగంట వస్తోంది. గురువారం మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మా చిన్న థియేటర్లో కూచుని కొత్త సినిమా చూస్తారు. వాళ్ళు చూస్తుంటే తెర కింద పెట్టిన కెమెరా వాళ్ళ మొహాలు తీస్తుంది. తర్వాత ఇద్దరూ పోట్లాడుకుంటారు. నేను కత్తిరించి అతికిస్తాను. అంతే కదా, దీన్ని ఎందుకు చూస్తారంటే ఏం రాయను?

అయినా రాశాను. ఆ ఇద్దరూ నిజంగానే పోట్లాడుకుంటారు, అందుకు చూస్తారు అన్నాను. పళ్ళ డాక్టరు సంగతి నీకు చెప్పానుగా. ఆవిడ పొద్దుట పళ్ళు పీకుతుంది, మధ్యాహ్నం సినిమాలు పీకుతుంది. రెండింటికీ మత్తు ఇవ్వదు. రెండో ఆయన పోయినవారం తిట్టిన సినిమాని ఈ వారం "మళ్ళీ చూశాను, నేనే తప్పు" అని టీవీలో ఒప్పుకుంటాడు. అలా ఒప్పుకునే మగాణ్ణి జనం ఇంట్లో చూసి ఉండరు, అందుకని టీవీలో చూస్తారు. అన్నిటికంటే ముఖ్యం ఆయన మొహం. మాటలు పొదుపు గానీ, మొహం మాత్రం తలుపుల్లేని ఇల్లు.

ఆయన ఊసెత్తితే నీకు గిట్టదని తెలుసు. కాలేజీ హాస్టల్లో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం, నీకొక అన్నయ్య ఉన్నాడని రెండో ఏడు చివర్లో గానీ చెప్పలేదు నువ్వు. ఎందుకు మాట్లాడవో ఇప్పటికీ చెప్పలేదు. అడగను. కానీ ఇది ఎవరికీ చెప్పలేక నీకు రాస్తున్నా.

మీ అన్నయ్య ముందు నవ్వుతున్నాడే. జోకు తర్వాత కాదు, ముందు. ఒక సెకను ముందు. టేపులో సినిమా శబ్దం కూడా వినిపిస్తుంది కదా, పక్కాగా తెలుస్తుంది. ముందు ఆయన నవ్వు, తర్వాత జోకు, ఆ తర్వాత పళ్ళ డాక్టరు నవ్వు. జోకు పడేసరికి ఆయన మొహం ఖాళీ అయిపోయి ఉంటుంది. ఆ సినిమా అంతకుముందు ఎవరూ చూడలేదు. పెట్టె సీలు నా ముందే తీశారు.

నీ
కత్తెర


హాస్టల్ ఆఫీసు గది
మార్చి 15

కత్తెరా,

ఆ మనిషి సంగతులు నాకు రాయొద్దని ఇదివరకే చెప్పాను. మళ్ళీ చెప్పించకు.

నేను ఆ ప్రోగ్రాం చూడను. శనివారం సాయంత్రం పిల్లలు టీవీ గదిలో పడి చస్తారు, నేను కింద ఉతికిన దుప్పట్లు మడత పెట్టించుకుంటూ ఉంటాను. నాకు తెలిసినంతలో యంత్రాలు చెడిపోతాయి, మనుషులు కాదు. ఎవరైనా మెకానిక్కుని పిలిచి నీ టేపు పెట్టె విప్పించు.

ఇక్కడ నీళ్ళ మోటారు కాలిపోయింది. నూట పది మంది ఆడపిల్లలు, రెండు కుళాయిలు. యుద్ధం అంటే ఏంటో నన్నడుగు.

ఇంకో మాట. ఆ నీలం చొక్కా కాలరు కుట్టు విడిపోయి దారం వేలాడుతోంది. దాంతోనే కెమెరా ముందు కూచోబెడతారా మనిషిని? అక్కడ సూదీ దారం ఉన్నవాళ్ళే లేరా?

పిచ్చుక


ఎడిటింగ్ గది
ఏప్రిల్ 9

దుప్పట్ల పిచ్చుకమ్మగారికి,

కాలరు దారం వేలాడింది మార్చి పదకొండో తారీకు ప్రోగ్రాంలో. దుప్పట్లు మడత పెట్టేవాళ్ళకి కింది గదిలోంచి బాగానే కనిపించిందే! సరే, నిన్ను పట్టుకున్నందుకు సంతోషించే ఓపిక కూడా లేదు నాకు. చొక్కా నేనే కుట్టించాను.

యంత్రం విప్పించాను. కొత్తది కూడా తెప్పించాను. కొత్త దాంట్లో ఇంకా ఘోరంగా ఉంది. ఆ ఒక్క సెకను మొదట నాలుగు నిమిషాలయింది. రెండు వారాల కిందటి సినిమాలో ఇద్దరు పిల్లలు మెట్ల మీద కూచుని బిస్కట్లు తింటుంటారు, అంతే సీను. దానికి ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. భుజాలు కదిలిపోయాయి. నాలుగు నిమిషాల తర్వాత వాళ్ళ కుక్క లారీ కింద పడింది. థియేటర్లో ప్రొజెక్షన్ ఆయనతో సహా అందరం ముక్కులు చీదుకున్నాం. మీ అన్నయ్య కాళ్ళు చాపుకుని కూచున్నాడు.

తర్వాత చర్చలో ఆయన ఏమన్నాడో నువ్వు విన్నావు (వినలేదని అనకు). "నాకు బిస్కట్ల సీనులో ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు. సినిమాలో అక్కడ కారణం లేదు." పళ్ళ డాక్టరు పడీ పడీ నవ్వింది. కానీ సోమవారానికి సంచెడు ఉత్తరాలొచ్చాయి. "మాకూ అక్కడే ఏడుపొచ్చిందండీ, చెప్పుకోడానికి సిగ్గేసింది" అని. మా ప్రొడ్యూసరుకి పట్టరాని ఆనందం. "ఆ ఏడుపు అదిరిందమ్మా, కత్తిరించకు" అన్నాడు.

ఇక ఇది విను. పోయిన గురువారం చూసింది హాస్యం సినిమా. మొదటినుంచి చివరిదాకా మీ అన్నయ్య భయపడుతూ చూశాడు. చేతులు కుర్చీకి అతుక్కుపోయాయి. యాభై రెండో నిమిషంలో ఉలిక్కిపడి తల పక్కకి తిప్పుకున్నాడు. ఈ గురువారం వచ్చింది హంతకుడి సినిమా. స్టాప్‌వాచీ పట్టుకుని కూచున్నాను. యాభై రెండో నిమిషంలో బీరువా తలుపు తెరుచుకుంది. లోపల మనిషి.

నాకు ఎడిటింగ్ గదిలో ఒక్కదాన్నే కూచోబుద్ధి కావడం లేదు. పట్టపగలు తలుపు తీసి పెట్టుకుంటున్నా.

కత్తెర


హాస్టల్ ఆఫీసు గది
ఏప్రిల్ 17

కత్తెరా,

చూస్తాను. ఆరేళ్ళ నుంచి ఒక్క వారం తప్పకుండా చూస్తున్నాను. పిల్లల వెనక గోడకి ఆనుకుని నిలబడి చూస్తాను. మా వంటామె "ఈ ప్రోగ్రాం వస్తే మీరు ఊపిరి పీల్చరండీ" అంటుంది. చాలా?

ఒక్కటి రాయి. అందరూ ఏడ్చే చోటు వచ్చినప్పుడు వాడి మొహం ఎలా ఉంటుంది? బాధ అణుచుకున్నట్టు ఉంటుందా, అసలే లేనట్టు ఉంటుందా? టేపు మళ్ళీ వేసి, దగ్గరగా చూసి రాయి. నాకు ఇది ముఖ్యం.

పిచ్చుక


ఎడిటింగ్ గది
మే 22

పిచ్చుకా,

నువ్వడిగింది అప్పుడే చూశాను. రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది, ఎందుకో చివర్లో తెలుస్తుంది. అణుచుకోవడం కాదే. గట్టిగా పిండేసి ఆరేసిన బట్ట ఎలా ఉంటుంది? దాన్ని మళ్ళీ పిండితే చుక్క రాదు కదా. అలా ఉంటుంది. ఆయన దాచుకోవడం లేదు. అప్పటికే అయిపోయింది.

ఏప్రిల్ ఇరవైన తీసిన టేపులో ఆయన పొట్ట పట్టుకుని నవ్విన చోట్లన్నీ కాగితం మీద రాసిపెట్టుకున్నాను. అవి మూడు వారాల తర్వాత వచ్చిన సినిమాతో ఒక్కటి కూడా పొల్లుపోకుండా సరిపోయాయి. అంటే అది వారం వారం పెరుగుతోంది. అప్పుడిక ఉండబట్టలేక ఆయన్నే పిలిచి రెండు టేపులూ వేసి చూపించాను. మొత్తం చూశాడు. కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకుని, "తప్పు నీ యంత్రానిది కాదు అమ్మాయ్" అన్నాడు. "నేను ప్రూఫులు దిద్దే రోజుల్లో కూడా ఇంతే. మొదటి పేజీ దిద్దుతుంటే పదో పేజీలో ఉండే బాధ వచ్చి కూచునేది. ఈ ఉద్యోగంలోకి వచ్చాక ఎక్కువైంది. ఇక్కడ పనే అది కదా, ఏదో ఒకటి అనిపించడం."

రెండు టేపులూ తనే తీసి డబ్బాల్లో పెట్టాడు. లేచి వెళ్తూ, "మా పిచ్చుకకి రాశావా?" అన్నాడు.

మనిద్దరం స్నేహితులమని ఆయనకి నేను ఏనాడూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మే పదకొండు, పద్దెనిమిది, ఈ రెండు టేపుల్లోనూ ఆయన మొహంలో ఏమీ లేదు. నవ్వు లేదు, భయం లేదు, విసుగు కూడా లేదు. రెండు గంటల పాటు, కరెంటు పోయిన థియేటర్లో మర్యాద కోసం కూచున్న మనిషిలా ఉన్నాడు. పళ్ళ డాక్టరు "ఏమయ్యా, సినిమా అంత చెత్తగా ఉందా?" అంటే "ఏమీ అనిపించలేదు డాక్టరుగారూ. అసలేమీ" అన్నాడు.

పెరిగిన లెక్కన అది ఇప్పటికి ఆరేడు వారాలై ఉండాలి. అంత ముందుకి చూస్తే అక్కడ ఆయనకి చూసేందుకు ఏమీ లేదు. ఎందుకు లేదో నాకు ఒక్కటే తోస్తోంది. అది రాయలేక ఇన్నాళ్ళు ఆగాను. నువ్వు రా.

కత్తెర


హాస్టల్ ఆఫీసు గది
మే 27

కత్తెరా,

ఇన్నేళ్ళు చెప్పంది ఇప్పుడు చెప్తాను.

నాకు తొమ్మిదేళ్ళు, వాడికి పన్నెండు. ఒకరోజు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వాడు ఏడుపు. దెబ్బ తగల్లేదు, ఎవరూ తిట్టలేదు. వెక్కి వెక్కి, ఊపిరి అందనట్టు ఏడుపు. అమ్మ పని మానుకుని వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. "ఎందుకురా నాన్నా, చెప్పు, ఎందుకు?" అంటూ తల నిమిరింది. వాడు చెప్పలేదు. అమ్మ కొంగు పట్టుకుని వదల్లేదు. బలవంతంగా వేళ్ళు విడదీయాల్సొచ్చింది. ఏడ్చి ఏడ్చి ఒళ్ళు వెచ్చబడితే, మధ్యాహ్నం అమ్మ వాడికి జ్వరం మందు తేవడానికి బయల్దేరింది. రోడ్డు దాటుతుండగా అయిపోయింది.

అమ్మని ఇంటికి తెచ్చినప్పుడు ఇల్లంతా ఏడుస్తోంది. వాడు గోడవారగా కూచుని గోరు కొరుక్కుంటున్నాడు. కంటతడి లేదు. మూడు రోజులు లేదు. నేను వెళ్ళి వాడి గుండెల మీద గుద్దాను. "నీకు ముందే తెలుసు. తెలిసి చెప్పలేదు. చెప్తే అమ్మ వెళ్ళేది కాదు" అన్నాను. వాడు ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఒప్పుకోవడమే అనుకున్నాను. తర్వాత పిన్ని ఇంట్లో ఇద్దరం పక్కపక్కనే కంచాలు పెట్టుకుని పెరిగాం. వాడితో మాట్లాడ్డం మానేశాను. ముప్పై ఏళ్ళు.

నీ పిండిన బట్ట మాట చదివాక అన్నం దిగలేదు.

పిల్లలు సెలవులకి వెళ్ళేది రెండో తారీకున. నాలుగో తారీకు ఆదివారం వస్తాను. వాడికి ముందు చెప్పకు. చెప్పినా చెప్పకపోయినా వాడికి ఒకటేనేమో, అయినా చెప్పకు.

పిచ్చుక


హాస్టల్ ఆఫీసు గది
జూన్ 8

కత్తెరా,

నువ్వు స్టేషన్లో ఏమీ అడగనందుకు ఇప్పుడు చెప్తున్నా.

తలుపు తీసి నన్ను చూశాడు. మొహంలో ఏమీ మారలేదు. నాకు ఒళ్ళు మండింది. "ముప్పై ఏళ్ళ తర్వాత చెల్లెలొస్తే ఇదా?" అన్నాను. "లోపలికి రా, చూపిస్తాను" అని వంటింట్లోకి తీసుకెళ్ళాడు. కిటికీ పక్కన గోడకి తగిలించిన క్యాలెండరులో ఏప్రిల్ నెల చివరి తారీకు చుట్టూ గుండ్రంగా గీసి ఉంది. "ఆ రోజు టీ కాచుకుంటుంటే ఉన్నట్టుండి సంతోషం వేసింది పిచ్చుకా. ఎంతంటే స్టవ్వు ఆపి కింద కూచుండిపోయాను. నా బతుకులో అంత సంతోషం ఎన్నడూ లేదు. ఇది దేనికై ఉంటుందా అని గీసి పెట్టుకున్నా. ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

అప్పుడడిగాను. ఎందుకు చెప్పలేదురా అని. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా: "ఏడుపు వచ్చింది, కారణం రాలేదు. ఎప్పుడూ అంతే. ఏం చెప్పమంటావు? ఎవరో పోతారనీ తెలీదు, అమ్మ అనీ తెలీదు. అమ్మ అడుగుతూనే ఉంది, ఎందుకురా అని. నాకూ అదే తెలిస్తే బాగుండునని ఏడ్చాను."

మరి నేను కొట్టినప్పుడు ఆ మాటే చెప్పొచ్చుగా అన్నాను. "నువ్వు ఎవరో ఒకర్ని కొట్టాలి. తొమ్మిదేళ్ళ పిల్లవి" అన్నాడు.

తర్వాత ఇద్దరం టీ తాగాం. మీ పళ్ళ డాక్టరు గురించి చెప్పి నన్ను నవ్వించాడు. నేను నవ్వుతుంటే చూస్తూ కూచున్నాడు. వాడి నవ్వు ఏ నెలలో అయిపోయిందో!

ఆ ఖాళీ టేపుల సంగతి ఎత్తాను. వాడికీ అర్థమైంది. "నాకు భయం వేయడం లేదు పిచ్చుకా, భయం వేయాల్సింది ఎప్పుడో వేసేసి ఉంటుంది" అన్నాడు. డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. గుండె బాగానే ఉందన్నాడు ఆయన. వచ్చే నెల మళ్ళీ వస్తానని చెప్పి వచ్చాను. సరే అన్నాడు, నా మొహం కేసి చూడకుండా.

పిచ్చుక


ఎడిటింగ్ గది
జూన్ 18

పిచ్చుకా,

ఫోన్లో నీకు నలభై సెకన్లు చెప్పాను. పోయినాయన్ని సాగనంపే పనుల్లో ఇద్దరికీ మాట్లాడే తీరిక లేకపోయింది. నువ్వు బస్సెక్కాక గుర్తొచ్చింది, అసలు ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదని.

గురువారం, పదిహేనో తారీకు. సినిమా మామూలు కుటుంబ కథ, నత్తనడక. మీ అన్నయ్య ఐదు వారాల తర్వాత మొదటిసారి నవ్వాడు. ఇక్కడో నవ్వు, అక్కడో నవ్వు. ఒకచోట నుదురు ముడేశాడు. థియేటరు పక్క గది అద్దం వెనక నుంచి చూస్తూ నేను హమ్మయ్య అనుకున్నాను. ఆ ఖాళీ పోయింది, గండం గడిచింది అనుకున్నాను.

నలభై ఒకటో నిమిషంలో తెర మీద ఎవరో భోజనం వడ్డిస్తున్నారు. మీ అన్నయ్య ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. తెరకేసి చూడలేదు. తన కుర్చీ కేసి తిరిగి, దాంట్లో ఎవరో కూచున్నట్టు, రెండు చేతులూ చాపి అరిచాడు. "లే! లే పిచ్చుకా, లే!" అంత గొంతు ఆయనకి ఉందని ఎవరికీ తెలీదు. ఆ అరుపుతోనే కూలిపోయాడు. పళ్ళ డాక్టరు ఛాతీ మీద నొక్కుతూనే ఉంది, అంబులెన్సు వచ్చేదాకా. అప్పటికే లేడు.

చివరి ఘడియలో నిన్నే తల్చుకున్నాడు అంటున్నారు అందరూ. నేనూ అదే అంటున్నాను. టేపు మాత్రం నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

కత్తెర


హాస్టల్ ఆఫీసు గది
ఆగస్టు 6

కత్తెరా,

నిన్న మా గేటు దగ్గర కారు ఆగింది. దిగింది ఎవరనుకున్నావు? మీ పళ్ళ డాక్టరు. నా ఆఫీసులో కూచుని, మా వంటామె పళ్ళు రెండు నిమిషాలు పరీక్ష చేసి, తర్వాత విషయానికొచ్చింది.

"మీ అన్నయ్య కుర్చీలో ముగ్గుర్ని కూచోబెట్టారమ్మా. ముగ్గురూ నేనేమంటే అదే అంటున్నారు. అద్దంతో పోట్లాడినట్టుంది. టీవీలో సినిమా గురించి మాట్లాడ్డానికి తెలివి అక్కర్లేదు, చూసేటప్పుడు దొరికిపోయే మొహం ఉండాలి. మీది అలాంటి మొహం. ఆయన్ని సాగనంపిన రోజు చూశాను" అంది.

నేను పిల్లల చదువులు, కుళాయిలు తప్ప ఏమీ తెలియనిదాన్నని చెప్పాను. "అయితే మొన్న నేను మెచ్చుకున్న సినిమా మీకెలా అనిపించింది?" అంది. ఆగలేక చెప్పేశాను, పచ్చి అబద్ధాల సినిమా అని. గంటన్నర వాదించుకున్నాం. పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూశారు. వెళ్ళేటప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఒప్పుకున్నాను. గురువారం పొద్దుటి రైలుకి వచ్చి, శుక్రవారం రైలుకి తిరిగి వచ్చేస్తాను. వాడు చూసిన చోటినుంచి ఒకసారి చూడాలని ఉంది, అంతకంటే వేరే కారణం లేదు. నీకేమైనా అభ్యంతరమా? నీ గత ఉత్తరంలో టేపు సంగతి రాసి ఊరుకున్నావు. నువ్వలా ఊరుకునేదానివి కాదు.

పిచ్చుక


ఎడిటింగ్ గది
ఆగస్టు 31, గురువారం పొద్దున

పిచ్చుకా,

స్టేషన్‌కి బండి పంపిస్తూ డ్రైవరు చేతికి ఇది ఇస్తున్నా. బండిలోనే చదువు. ఎదురుగా నిలబడి నోటితో చెప్పే ధైర్యం లేదు నాకు.

అందరూ అన్నట్టు ఆయన నిన్ను తల్చుకోలేదు. ఆ చివరి టేపు తర్వాత వచ్చిన ప్రతి సినిమాకీ, నేను బీరువా తీసి ఆయన నవ్విన చోట్లు పెట్టి చూసుకుంటున్నాను. పది వారాలు ఏదీ సరిపోలేదు. నువ్వు మూడు వారాల కింద ఆ కుర్చీలో కూచున్నప్పుడు స్టాప్‌వాచీ పట్టుకుని చూశాను, అయినా సరిపోలేదు, ఊరుకున్నాను. నీకు అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. తిట్టు.

ఈ వారం సినిమా నిన్న సాయంత్రం వచ్చింది, రాత్రే వేయించుకుని చూశాను. ఆయన నవ్వు, నుదురు ముడేయడం, మళ్ళీ నవ్వు, అన్నీ అచ్చంగా సరిపోయాయి. ఆయన లేడు కాబట్టి, అవి ఇవాళ ఆ కుర్చీలో నీకు కలిగేవే అనుకుంటున్నా. నలభై ఒకటో నిమిషంలో రైలు తలుపు దగ్గర నిలబడ్డ పెళ్ళికూతురి కాలి చెప్పు జారి పట్టాల మీద పడుతుంది. సరిగ్గా అక్కడ ఆయన "లే" అని అరిచాడు.

ఏం జరుగుతుందో నాకు తెలీదు. ఆయనకీ తెలిసుండదు. ప్రొడ్యూసరుకి చెప్తే "సెలవు పెట్టమ్మా, అలిసిపోయావు" అన్నాడు. పళ్ళ డాక్టరు ఆ టేపు ఇంకోసారి వేయించుకుని చూసి, "నేను కూచుంటాను, ఆవిణ్ణి రావద్దను" అంది.

కాబట్టి రాకు. ఇదే బండిలో వెనక్కి వెళ్ళిపో. నీకు దణ్ణం పెడతాను.

కత్తెర


హాస్టల్ ఆఫీసు గది
సెప్టెంబరు 3

కత్తెరా,

శుక్రవారం నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. చెవుల్లో ఆ చప్పుడే ఉండిపోయింది. నువ్వు అద్దం వెనక నుంచి చూసింది నువ్వు చూశావు. నా వైపు నుంచి ఏం జరిగిందో నీకు చెప్పాలి.

నీ చీటీ బండిలో రెండుసార్లు చదివాను. డ్రైవర్ని ఆపమన్నాను కూడా. పక్కన ఆపి, ఇంజను ఆపకుండా, అద్దంలో నన్ను చూస్తూ కూచున్నాడు. వెనక్కి పోవచ్చు. కానీ వాడు "రాకు" అని అరవలేదే, "లే" అని అరిచాడు. పైగా నేను పోతే పళ్ళ డాక్టరు ఒక్కతే కూచుంటుంది. ఆవిడ మొండిది, లేవమంటే ఎందుకు లేవాలని వాదన పెట్టుకుంటుంది. పోనివ్వమన్నాను.

సినిమా మొదలైంది. నాకు నవ్వు రావద్దనుకున్నాను, వచ్చింది. నుదురు ముడేయకూడదనుకున్నాను, ముడి పడ్డాక తెలిసింది. నా మొహం వాడి వెనకే నడుస్తోందని తెలుస్తూనే ఉంది, ఆపలేకపోయాను. పక్కన పళ్ళ డాక్టరు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. ఆవిడా సినిమా చూడటం లేదు, నన్నే చూస్తోంది.

రైలు తలుపు దగ్గరికి పెళ్ళికూతురు వచ్చింది. చెప్పు వేలి చివర వేలాడుతోంది. వాడి గొంతు వినిపించిందా అని నువ్వు అడుగుతావు. అడగకు. లేచాను. డాక్టరు చెయ్యి పట్టి గుంజాను. ఆవిడ "ఇదేంటమ్మా, చెప్పు ఇంకా పడలేదే!" అంది. మోచెయ్యి దగ్గర పట్టుకుని ఈడ్చాను. ఇద్దరం నడవలో మోకాళ్ళ మీద పడ్డాం. అప్పుడు తెర మీద చెప్పు పడింది. ఆ వెనకే మా మొహాల మీద వెలుగు పడాలని పైన కట్టిన ఇనప చట్రం, దీపాలతో సహా, మొత్తం దిగింది.

లేచి చూశాను. నా కుర్చీ వీపు విరిగి సీటులోకి దిగబడి ఉంది. దీపం గాజు ముక్కలు నేను తల ఆనించే చోట గుచ్చుకుని ఉన్నాయి, ఇంకా వేడిగా. సినిమా నడుస్తూనే ఉంది. ప్రొజెక్షన్ ఆయనకి ఆపాలని కూడా తోచలేదు పాపం. పళ్ళ డాక్టరు నోరు తెరిచి మూసింది. ఆవిడకి మాట రాకపోవడం నేను కళ్ళారా చూశాను, ఇది నువ్వు రాసి పెట్టుకో.

మీ ప్రొడ్యూసరు పరిగెత్తుకుంటూ వచ్చి నీకేసి చూసిన చూపు నేను చూశాను. అతన్ని ఏమీ అనకు. చట్రం బోల్టులు ఎన్నాళ్ళ నుంచి చూసుకోలేదో అతనికే తెలుసు. ఇక మీదట చూసుకుంటాడు.

ఆ రాత్రి మీ ఇంట్లో నేను నిద్రపోయాననుకున్నావు. లేదు. వాడి వంటింటి క్యాలెండరు గుర్తొచ్చి ఏడ్చాను, వాడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఎందుకేడుస్తున్నానో నాకు తెలుసు, అదొక అదృష్టం.

నువ్వు లేచేసరికి నేను ఇంట్లో లేను కదా. పళ్ళ డాక్టరు ఆరింటికే వచ్చి తీసుకెళ్ళింది. సగం సినిమా చూసి మాట్లాడ్డం మర్యాద కాదు అంది, నేనూ అదే అనుకుంటున్నాను అన్నాను. మా ఇద్దరికీ కుదిరిన మొదటి మాట అది. ప్రొజెక్షన్ ఆయన్ని బతిమాలి మిగతా సగం వేయించుకున్నాం. కుర్చీల్లో కూచోబుద్ధి కాక, వెనక గోడకి ఆనుకుని, ఇద్దరం నిలబడే చూశాం. సినిమా అయ్యేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

ఆవిడకి నచ్చిందట. నాకు నచ్చలేదు. వచ్చే గురువారం వచ్చి ఆ మాటే చెప్తాను, కెమెరా సిద్ధంగా పెట్టుకో.

పిచ్చుక